తోడల్లుడి సీటు

ఆ గురువారం పొద్దున మురళీమోహన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య జ్యోతిర్మయి గుడి నుంచి తిరిగొచ్చేలోగా పీట మీద బియ్యప్పిండి పరిచి, దాని మీద ఒకసారి కూర్చుని లేచి, పడిన రెండు గుంటల మధ్య దూరం టేపుతో కొలుచుకుని, పిండి ఎత్తేసి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకుంటూ కూర్చోవాలి. అంతే. ఇందులో అన్నిటికన్నా కష్టమైనది ఆఖరిదే. చాలా రోజులుగా ఆయన పేపరు నిలబడే చదువుతున్నాడు.

తెనాలిలో ఆయనకి టైల్సు, కమోడ్ల దుకాణం ఉంది. ఊళ్ళో సగం మంది పొద్దున్నే ఎక్కడ కూర్చోవాలో తేల్చింది ఆయనే. అలాంటి మనిషికి తను కూర్చోవడానికి ఒక్క సైకిల్ సీటు కుదరడం లేదంటే ఏమనాలి! ఆన్‌లైన్లో తెప్పించిన సీట్లు దుకాణం వెనక గదిలో గుట్ట పడ్డాయి. దిండులా ఉబ్బినవి, జెల్లీ నింపినవి, మధ్యలో కంత ఉన్నవి, ముక్కు లేనివి. దేని మీద కూర్చున్నా ఊరి పొలిమేర దాటేసరికి కింద ఒకటే మంట.

అసలు ఈ వయసులో సైకిలెందుకయ్యా అంటే, తోడల్లుడి వల్ల. జ్యోతిర్మయి చెల్లెలు ఝాన్సీ మొగుడు సీతారామాంజనేయులు బాపట్లలో బ్యాంకు ఉద్యోగి. మొన్నమొన్నటిదాకా పొట్టా గిట్టా ఉన్న మామూలు మనిషే. ఉన్నట్టుండి సన్నబడ్డాడు. సన్న చక్రాల సైకిలు కొన్నాడు. ఈత, సైకిలు, పరుగు మూడూ వరసపెట్టి చేసే ట్రయాథ్లాన్‌లో పాల్గొని మెడలో పతకంతో ఫోటో దిగాడు. రేపల్లెలో అత్తగారు శేషారత్నం గారు ఆ ఫోటోని హాల్లో గుమ్మానికి ఎదురుగా తగిలించారు.

అంతవరకూ ఆ ఇంట్లో పెద్దల్లుడిదే రాజ్యం. చేపల పులుసులో తలకాయ ఆయనకే, మంచమేస్తే ఫ్యాను కింద ఆయనకే. ఇప్పుడో? "చిన్నల్లుడుగారు చక్కెర ముట్టరు", "చిన్నల్లుడుగారు తెల్లారకముందే లేస్తారు". ఇంటికొస్తే జ్యోతిర్మయి కూడా అదే పాట. "మరిదిగారు బాపట్ల నుంచి రేపల్లెకి సైకిలు మీద వచ్చేస్తున్నారండీ. మీరు వీధి చివర పాలకి కూడా బండే తీస్తారు." అసూయ అనేది చదువుకున్నవాళ్ళు వాడే మాట. మురళీమోహన్‌కి పట్టుకున్నది అచ్చమైన కుళ్ళు. నిద్రలో కూడా తోడల్లుడు పెడల్ తొక్కుతున్న చప్పుడు వినిపించేది.

దాంతో అంతకన్నా ఖరీదైన సైకిలు కొని ఒక ఆదివారం రేపల్లె బయల్దేరాడు. దారిలో జంపని అనే ఊరి దగ్గరికి వచ్చేసరికి ఇంక కూర్చోవడం ఆయన తరం కాలేదు. అటుగా పోతున్న ట్రాలీ ఆటో ఆపి, అరటి గెలల మధ్య సైకిలుతో సహా ఎక్కాడు. అత్తగారింటి ముందు ఆటో ఆగితే శేషారత్నం గారు ముందు గెలలు దింపించారు, తర్వాత అల్లుణ్ణి చూశారు. ఝాన్సీ నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తింది. జ్యోతిర్మయి తల దించుకుంది. ఆ దించుకున్న తల మురళీమోహన్ మర్చిపోలేకపోయాడు. వచ్చే ఆదివారం ఇద్దరల్లుళ్ళూ మళ్ళీ రేపల్లెలో భోజనానికి కలుస్తున్నారు. ఈసారి ఎలాగైనా సీటు మీద దర్జాగా కూర్చుని ఆ గుమ్మం ముందు దిగాలి. జ్యోతిర్మయి తలెత్తి చూడాలి. ఆయనకి కావలసింది అంతే.

అభిమానం చంపుకుని తోడల్లుడికి ఫోను కూడా చేశాడు. "తమ్ముడూ, నువ్వు వాడే సీటు ఏ కంపెనీది?"

"నాది మీకు పడదన్నయ్యా," అన్నాడు సీతారామాంజనేయులు. "మెత్తగా ఉంటే సుఖం అనుకోకండి. మెత్తటిదైతే ఎముకలు దిగబడిపోయి మధ్యలో నరాలు నొక్కుకుంటాయి. మనం కూర్చునే చోట రెండు ఎముకలుంటాయి కదా, వాటి మధ్య వెడల్పు కొలుచుకుని దానికి తగ్గ సీటు వేసుకోవాలి."

"అదంతా సరే, నీ కంపెనీ పేరేంటి?"

"ఎవరి కొలత వాళ్ళదే అన్నయ్యా." అని మాట మార్చేశాడు.

దాస్తున్నాడు! మురళీమోహన్‌కి ఒళ్ళు మండిపోయింది. అయినా కొలత సంగతి మనసులో పడింది. ఫోనులో వెతికి చూసిన వీడియోలో అట్టముక్క మీద కూర్చోమన్నారు. ఇంట్లో ఉన్న అట్టపెట్టెలన్నీ జ్యోతిర్మయి పాత సామాన్లవాడికి వేసేసింది. అందుకే బియ్యప్పిండి.

గుంటలు చక్కగా పడ్డాయి. ఆయన టేపు పట్టుకుని వంగుని కొలుస్తూ ఉండగా వెనక గాజుల చప్పుడైంది.

"ఏంటండీ ఇది?"

"పిండి."

"పిండని తెలుస్తూనే ఉంది. దాని మీద మీరెందుకు కూర్చున్నారు? వెనకంతా తెల్లగా అయిపోయింది."

నిజం చెప్తే ఈమె వెంటనే ఝాన్సీకి ఫోను చేస్తుంది. టిఫిన్ వేళకల్లా పెద్దల్లుడి సీటు బాధ బాపట్లలో చట్నీలా నంజుకుంటారు. "కొత్త కమోడ్ కంపెనీ వాళ్ళు కొలతలు అడిగారు," అన్నాడు.

"వాళ్ళకి మీ కొలతలెందుకండీ?"

"నేను డీలర్ని కదా!"

జ్యోతిర్మయి ఆ పిండిని అట్లకి పనికిరాదని ముగ్గు డబ్బాలోకి మార్చింది. మొగుడు కొన్నాళ్ళుగా నిలబడి అన్నం తినడం, సోఫాలో ఒక పక్కకి ఒరిగి కూర్చోవడం, కూర్చునేటప్పుడు పళ్ళు బిగించడం ఒక్కొక్కటే గుర్తొచ్చాయి ఆమెకి.

మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికి దుకాణానికి వెళ్తే, వెనక గదిలోంచి ఆయన గొంతు వినిపించింది. సీట్లమ్మే కంపెనీ వాళ్ళతో ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆ సంగతి ఆమెకి తెలియదుగా! "మధ్యలో కంత ఉన్నదే కావాలండీ. మెత్తటివన్నీ వాడేశాను, లాభం లేదు. కాసేపు కూర్చుంటే చాలు, ఒకటే మంట. రక్తమా? లేదు లేదు, అంతవరకూ రాలేదు. ఆదివారంలోపు ఏదో ఒకటి చెయ్యండి సార్. ఇంట్లోవాళ్ళకి తెలియదండీ. తెలిస్తే బాపట్ల దాకా పాకిపోతుంది."

జ్యోతిర్మయికి కళ్ళనీళ్ళు తిరిగాయి. చప్పుడు చేయకుండా క్యారేజీ బల్ల మీద పెట్టి వచ్చేసి, చెల్లెలికి ఫోను చేసింది.

"ఝాన్సీ, మీ బావగారికి మొలలే. నాతో కూడా చెప్పకుండా లోపల్లోపలే బాధపడుతున్నారు, పిచ్చి మనిషి. ఎవరికీ చెప్పకు."

"ఛఛ, నేనెవరికి చెప్తానక్కా," అంది ఝాన్సీ. ఆ ఫోను పెట్టేసి అమ్మకి చేసింది. తర్వాత మొగుడికి చెప్పింది. శేషారత్నం గారు పక్కింటివాళ్ళని పిలిచి కంద ఎక్కడ లేతగా దొరుకుతుందో వాకబు చేశారు. మొలలకి కందని మించిన మందు లేదని ఆవిడ గట్టి నమ్మకం.

ఆ రాత్రి నుంచీ మురళీమోహన్ కంచంలో కారం మాయమైంది. పప్పు చప్పిడి, చారు చప్పిడి, మీదట గ్లాసెడు మజ్జిగ. పిండి పాడుచేసిన కోపం ఇంకా తగ్గలేదు కాబోలనుకుని ఆయన నోరెత్తలేదు. శనివారం జ్యోతిర్మయి రేపల్లె రైలెక్కబోతూ, "మీరు కూడా నాతో వచ్చేయండి. ఈ పరిస్థితిలో సైకిలు వద్దండీ," అంది.

"నా పరిస్థితికేమైంది?"

"ఏం లేదులెండి," అని జాలిగా చూసింది.

ఆ జాలి ఆయన గుండెలో గుచ్చుకుంది. మరిదిగారు తొక్కగలరు, మీవల్ల కాదు అన్నట్టు తోచింది. ఇంక రైలెక్కితే మనిషేనా? మధ్యలో కంత ఉన్న కొత్త సీటు అప్పుడే వచ్చింది. దాన్ని సైకిలుకి బిగించి, ఆదివారం తెల్లవారుజామునే బయల్దేరాడు.

జంపని దాటాడు. దాటినందుకు తనకు తనే శభాష్ అనుకున్నాడు. వేమూరు దాటాక మంట మొదలైంది. భట్టిప్రోలు వచ్చేసరికి కూర్చోవడం మానేసి పెడళ్ళ మీద నిలబడి తొక్కసాగాడు. పొలాల్లోకి పోతున్న ఆడవాళ్ళు ఆగి మరీ చూశారు. రేపల్లెలో అత్తగారి వీధి మలుపు తిరిగాక, ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం కూర్చుందామని ప్రయత్నించాడు. ప్రాణం జివ్వుమంది. చివరికి ఆ గుమ్మం ముందు కూడా నిలబడే దిగాడు.

వసారాలో సీతారామాంజనేయులు కనిపించాడు. ఎప్పుడో వచ్చేసి, స్నానం కూడా చేసి, నేల మీద బాసింపట్టు వేసుకుని పెసరట్టు తింటున్నాడు. నేల మీద! బాసింపట్టు! ఆ మడిచిన కాళ్ళకేసి చూసిన మురళీమోహన్ కడుపులో జాడీడు కారం పోసినట్టయింది.

"రండి అల్లుడుగారూ, కూర్చోండి," అంటూ వచ్చిన శేషారత్నం గారు గబుక్కున నాలిక కరుచుకున్నారు. "అయ్యో, వద్దులెండి. మీకెలా వీలైతే అలాగే ఉండండి."

భోజనాల దగ్గర అసలు అవమానం జరిగింది. ఆ ఇంట్లో పెళ్ళినాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. అల్లుళ్ళిద్దరికీ ఏది పెట్టినా తేడా చూపించరు. చొక్కా గుడ్డలు ఒకే తానులోంచి చింపుతారు. ఆ చొక్కాలు తొడుక్కుని ఏ పెళ్ళికి వెళ్ళినా జనం ఇద్దర్నీ బ్యాండు మేళం వాళ్ళనుకునేవారు. అలాంటి ఇంట్లో ఆ రోజు చిన్నల్లుడి విస్తట్లో రొయ్యల ఇగురు, పీతల పులుసు ఘుమఘుమలాడుతుంటే, పెద్దల్లుడి విస్తట్లో ఉప్పు కారం అంటని కంద ముక్కలు, పక్కన పల్చటి మజ్జిగ.

"రొయ్యలూ..." అన్నాడు మురళీమోహన్.

"మీకు వేరే చేశానండీ. ప్రత్యేకంగా," అన్నారు అత్తగారు ఎంతో ప్రేమగా.

"వేడి చేసేవి మీకొద్దు బావగారూ," అంది ఝాన్సీ. జ్యోతిర్మయి ఇంకో ముక్క కంద వేసింది. సీతారామాంజనేయులు మాత్రం ఆ కంద వంకే అదోలా చూస్తూ రొయ్యలు నములుతున్నాడు. వాడి చూపులో ఎగతాళి ఉందని మురళీమోహన్ నిశ్చయించుకున్నాడు. పతకం తెచ్చినవాడికి రొయ్యలు, తేనివాడికి దుంపలా? ఎంత మాట!

భోజనాలయ్యాక శేషారత్నం గారు ఇద్దర్నీ వసారాలోకి పిలిచారు. రెండు సైకిళ్ళ సీట్లకీ చీరాల గళ్ళ గుడ్డతో కుట్టిన బూరుగుదూది మెత్తలు తొడిగి, బొందులు కట్టేసి ఉన్నాయి. సీట్లు పూర్తిగా మాయమైపోయి, రెండు సైకిళ్ళ మీదా రెండు బుల్లి దిండ్లు మొలిచినట్టున్నాయి.

"తినే దాంట్లో తేడా తప్పలేదు గానీ, దీంట్లో తేడా చెయ్యలేదండీ. ఇద్దరికీ ఒకే తాను," అన్నారావిడ.

అందరూ కునుకు తీశారు. కాసేపటికి మురళీమోహన్‌కి మెలకువ వచ్చింది. ఇల్లంతా సద్దుమణిగి ఉంది. పక్క మంచం మీద తోడల్లుడు గురక పెడుతున్నాడు. కంద లోపల మండుతోందో, కుళ్ళే మండుతోందో, ఆయనకి ఒక్కటే ఆలోచన వచ్చింది. వాడు పేరు చెప్పకపోతేనేం? సీటే ఎత్తుకుపోతే? పైన అత్తగారి మెత్త ఉండగా కింద ఏ సీటుందో ఎవడు చూడొచ్చాడు?

సంచిలోంచి బోల్టులు విప్పే అలెన్ కీ తీసుకుని పిల్లిలా వసారాలోకి వచ్చాడు. కింద నుంచి చూస్తే సీట్లన్నీ ఒకటే, రెండు ఇనప కమ్మీలు, వాటిని పట్టుకున్న బోల్టు. మొండికేస్తుందేమోనని భయపడ్డాడు గానీ, రెండు బోల్టులూ ఎవరో ఇప్పుడే బిగించినట్టు సులువుగా తిరిగాయి. దేవుడు కూడా నా పక్షమే అనుకున్నాడు. మెత్తలు విప్పకుండానే సీట్లు అటూ ఇటూ మార్చేసి, రెండో బోల్టు చివరి చుట్టు తిప్పుతుండగా తలుపు కిర్రుమంది.

శేషారత్నం గారు! వంగి, పళ్ళు బిగించి, చెమటలు కక్కుతున్న అల్లుణ్ణి చూసి ఆవిడ గొంతు తగ్గించారు. "పెరటి తలుపు తీసే ఉందండీ. మొహమాటపడకండి."

"అలాగేనండీ," అన్నాడు మురళీమోహన్. ఆవిడ ఏమంటున్నారో ఆయనకి బోధపడలేదు.

ఎండ తగ్గాక ఇద్దరూ చెరో దారి పట్టారు. మురళీమోహన్ భయం భయంగానే సీటెక్కాడు. ఆహా! పల్లకీలో కూర్చున్నట్టుంది. భట్టిప్రోలు వచ్చింది, నొప్పి లేదు. వేమూరు వచ్చింది, నొప్పి జాడ లేదు. సీటంటే ఇదీ! ఇంత సుఖాన్ని ఒక్కడే అనుభవిస్తూ "నాది మీకు పడదన్నయ్యా" అంటాడా, దొంగ! జంపనిలో కావాలనే ఆగాడు. ఒక కాలు నేల మీద ఆన్చి, సీటు మీద కూర్చునే టీ తాగాడు. అవతల ఆ గాడిద నా కంత సీటు మీద నరకం చూస్తూ బాపట్ల వైపు నిలబడి తొక్కుతుంటాడని తలుచుకుంటే టీ ఇంకాస్త తియ్యగా అనిపించింది.

రైల్లో వచ్చిన జ్యోతిర్మయి అప్పటికే ఇంట్లో ఉంది. మొగుడు వచ్చి కుర్చీలో చతికిలబడి కాలు మీద కాలు వేసుకోవడం చూసి, "కంద పని చేసిందన్నమాట," అని గొణుక్కుంది. అప్పుడే ఫోను మోగింది. ఆమే ఎత్తి స్పీకర్లో పెట్టింది.

"అన్నయ్యా, నేను. మీరు నన్ను క్షమించాలి," అంది సీతారామాంజనేయులు గొంతు.

"ఏమైంది తమ్ముడూ?"

"మధ్యాహ్నం మీరందరూ పడుకోగానే, నేను లేచి మన సీట్లు మార్చేశాను. మీది నాకు పెట్టుకుని, నాది మీకు బిగించాను."

మురళీమోహన్ మనసులో లెక్క వేసుకున్నాడు. వాడు ముందు మార్చాడు. తర్వాత తను మార్చాడు. అంటే? కుర్చీలోంచి లేచి, వరండాలో ఉన్న సైకిలు దగ్గరికి వెళ్ళి, మెత్త బొందు విప్పి చూశాడు. మధ్యలో కంత. తన సీటే. పల్లకీలా మోసుకొచ్చింది పొద్దున ఉసురు తీసిన ఈ సీటే.

జ్యోతిర్మయి ఫోను పట్టుకుని వెనకే వచ్చింది. అందులో తోడల్లుడు చెప్పుకుపోతున్నాడు. "నాకు మొదట్నించీ ఆ సీటుతో నరకమే అన్నయ్యా. కొలతలన్నీ తీసుకునే కొన్నాను, అయినా కుదరలేదు. పతకం తెచ్చినవాణ్ణి, నొప్పి అంటే పరువు పోతుందని మీరడిగినప్పుడు మాట దాటేశాను. మీరేమో మొలలు పెట్టుకుని కూడా అంత దూరం తొక్కారు. ఇంకెవరివల్ల అవుతుంది?"

"మొలలా?" అన్నాడు మురళీమోహన్.

"అందరికీ తెలుసన్నయ్యా, సిగ్గుపడకండి. మొలలున్నా లెక్కచేయకుండా పెద్దల్లుడు సైకిలు మీద తనని చూడ్డానికొచ్చాడని అత్తయ్య వీధి వీధంతా చెప్పుకుంటోంది. ఇంకో మాట చెప్తాను, నవ్వకండి. నాకు ఒక్కనాడైనా ఆవిడ వేరే కూర చేసిందా? మీకని ప్రత్యేకంగా ఆ కంద వడ్డిస్తుంటే కుళ్ళిపోయానన్నయ్యా. రొయ్యలు గొంతు దిగలేదు. ఆ కుళ్ళులోనే సీటు ఎత్తుకుపోయాను. ఏం సీటండీ అది! బాపట్ల దాకా పువ్వుల్లో పెట్టి తీసుకొచ్చింది. అది నాకు వదిలెయ్యండి. కాదంటే రేపే తెచ్చిచ్చేస్తాను."

నిజం చెప్పాలంటే ఒకే ఊపిరిలో మూడు చెప్పాలి. మొలలు లేవని, తనూ దొంగేనని, ఆ సీటు నీదేరా వెధవా అని. మురళీమోహన్ నోరు తెరిచాడు. ఎదురుగా జ్యోతిర్మయి తలెత్తి చూస్తోంది. పెళ్ళయిన కొత్తలో కూడా ఆమె అలా చూడలేదు. ఆయన నోరు మూసుకుని, గొంతు సవరించుకుని, మళ్ళీ తెరిచాడు.

"ఉంచుకో తమ్ముడూ. పెద్దవాణ్ణి, నేనెలాగో సర్దుకుంటాను."

"మీ మనసు ఎవరికుంటుందన్నయ్యా!" అన్నాడు అవతల తోడల్లుడు.

జ్యోతిర్మయి ఫోను పెట్టేసి కళ్ళొత్తుకుంది. "మరిదిగారు ఎన్ని పతకాలు తెస్తే మాత్రం ఏముందండీ," అంది. ఆ మాట కోసం ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మురళీమోహన్ దాన్ని మళ్ళీ మళ్ళీ తలుచుకుంటూ హాయిగా వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున అదే సైకిలు మీద, అదే సీటు మీద, అదే గళ్ళ మెత్త మీద కూర్చుని వీధి చివర పాలకి వెళ్ళొచ్చేసరికి ఆయనకి మళ్ళీ నొప్పి మొదలైంది.